సోడా మావయ్య గాలిగొట్టం

పది రోజుల కిందట ఓ పొద్దున మా దొడ్లో ఇంటి గోడ వారగా కుళాయి కోసం కందకం తవ్వుతుంటే గునపం దేనికో తగిలి టప్పుమంది. తవ్వే మనిషి వంగి, మట్టి చేత్తో పక్కకి తోసి చూసి నన్ను కేకేశాడు.

"అమ్మగారూ, ఇక్కడ మట్టి గొట్టం ఉందండీ. పగిలింది. మురుగు గొట్టమా అండీ?"

"కాదు నాయనా."

"నీళ్ళదీ కాదే, లోపల తడే లేదు." చెయ్యి లోపలికి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. పామేమోనని నేను రెండడుగులు వెనక్కి వేశాను. వాడు నవ్వుతున్నాడు. "వెచ్చగా గాలొస్తందండీ!"

క్రిస్మస్ దగ్గరికొచ్చిన చలి. గుణదల కొండ మీద మంచు ఇంకా విడలేదు. ఆ మనిషి తల చుట్టూ తువ్వాలు బిగించుకుని పనిచేస్తున్నాడు. ఈసారి రెండు చేతులూ ఆ పగులు దగ్గర పెట్టి కాచుకోవడం మొదలెట్టాడు.

"అది గాలిగొట్టం" అన్నాను.

ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. పాలవాడికి చెప్పాను, కరెంటు మీటరు చూసేవాడికి చెప్పాను, మా పిల్ల స్కూలు టీచరమ్మకి చెప్పాను. గొట్టం సంగతి చెప్తే సోడా మావయ్య సంగతీ చెప్పాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ అదంతా ఆయనే చెప్పుకునేవారు. పోయి ఏడాది కావస్తోంది, ఆ పని నా నెత్తిన పడింది. ఒక్కోసారి ఓపిక లేక "ఏదో పాత గొట్టంలే" అనేసి వంటింట్లోకి పోతాను. పోయాక మనసు ఒప్పదు.

ఆయన మా మావగారి తమ్ముడు. నాకు చినమావయ్యగారు, వీధి వీధంతటికీ సోడా మావయ్య. బెంజి సర్కిల్ దగ్గర రోడ్డు వారగా చిన్న రేకుల కొట్టు ఉండేది. గోలీ సోడాలు కట్టేవారు. మేరీ మాత తిరునాళ్ళ రోజుల్లో బండి మీద సీసాలు పేర్చుకుని కొండ కిందికొచ్చేవారు. గోలీని నొక్కీ నొక్కీ ఆయన కుడిచేతి బొటనవేలు చివర చదునైపోయింది. ఆ వేలితోటే శిలువ గుర్తు వేసుకునేవారు, ఆ వేలితోటే మా పిల్ల బుగ్గ నొక్కి "కీచ్" అని సోడా చప్పుడు చేసేవారు. అది కిలకిలమని నవ్వేది.

చెవి మీద బీడీ పెట్టుకునే మగవాళ్ళని చూశాం. ఊదొత్తి పెట్టుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఎవరింటికి వెళ్ళినా కూర్చోమంటే కూర్చునేవారు కాదు. ముందు తలెత్తి గోడల పైకి చూసేవారు, వెంటిలేటర్ ఉందా లేదా అని. తర్వాత చెవి మీది ఊదొత్తి తీసి వెలిగించి, గుమ్మం దగ్గర కాసేపు, కిటికీ దగ్గర కాసేపు, మంచం కింద కాసేపు పట్టుకుని, పొగ ఎటు వంగుతుందో కళ్ళు చిట్లించి చూసేవారు. కొత్తవాళ్ళు ఆయన ప్రార్థన చేస్తున్నారనుకునేవాళ్ళు. ఒకింట్లో ముసలావిడ తల మీద కొంగు కప్పుకుని, చేతులు జోడించి, ఆయన వెనకాలే గది గదికీ తిరిగింది. అంతా అయ్యాక "ఆమెన్" కూడా అంది. ఆయన వెనక్కి తిరిగి, "అమ్మా, మీ పడగ్గదిలో పొగ కదల్లేదు. ఆ గదిలో మీరు ఎంగిలి గాలి పీలుస్తున్నారు" అన్నారు. ఆవిడకి ఎంత కోపం వచ్చిందో! "పొద్దున్నే కడిగి ముగ్గేసిన ఇల్లయ్యా ఇది!" అంది.

ఎంగిలి గాలి. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. "ఒకళ్ళు తాగిన సోడా ఇంకొకళ్ళు తాగుతారా? తాగరు. మరి ఒకళ్ళు వదిలిన గాలి తలుపులేసుకుని ఇంటిల్లిపాదీ పంచుకుంటారే!" అనేవారు. 

ఇదంతా ఆయన ఎక్కడా చదివింది కాదు. కొట్టు వెనకాల నేలలో గొయ్యి తీసి, ఎండాకాలం సీసాలు అందులో పెట్టేవారు, చల్లగా ఉంటాయని. ఓ చలికాలం పొద్దున, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఖాళీ సీసా తీద్దామని గోతిలో చెయ్యి పెట్టారట. లోపల వెచ్చగా ఉంది. అక్కడే గొంతుక్కూర్చుని రెండో చెయ్యి కూడా పెట్టారట. బేరాలొచ్చి నిలబడితే లేవబుద్ధి కాలేదన్నారు.

"ఇందులో వింతేముంది మావయ్యగారూ, మన బావి నీళ్ళూ అంతేగా" అన్నాన్నేను, కొత్త కోడలినైనా ఊరుకోలేక. "చలికాలం పొద్దున తోడితే పొగలొస్తాయి, ఎండాకాలం చల్లగా ఉంటాయి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అదేనమ్మా! నేల ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. వేడెక్కేదీ చల్లబడేదీ పైన మనం. ఆ నేలలోంచి గాలిని నడిపించి గదిలోకి తీసుకొస్తే? ఎండాకాలం చల్లగా వస్తుంది, చలికాలం వెచ్చగా వస్తుంది. కిటికీ తియ్యక్కర్లేదు, కుంపటి పెట్టక్కర్లేదు."

కుంపటి పెట్టక్కర్లేదు. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

ముందు హనుమాన్ జంక్షన్ దగ్గర మా పెద్ద ఆడబిడ్డ గారింట్లో వేశారు. అన్న కూతురు కదా, కాదనలేకపోయింది. పొలాల మధ్య ఇల్లు. కుమ్మరి చేత జానెడు వెడల్పు మట్టి గొట్టాలు చేయించి, దొడ్డి చివర నుంచి పడగ్గది దాకా నేలలో పాతారు. ఎండాకాలం వేశారేమో, నెల రోజులు బాగానే ఉంది. మా ఆడబిడ్డ వచ్చినవాళ్ళందరికీ చూపించి గొప్పలు పోయింది. తర్వాత కాలవలకి నీళ్ళొదిలారు. పల్లపు భూములు, నల్లరేగడి. నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరే చోట గొట్టం పాతామన్న సంగతి ఒక్కళ్ళకీ తట్టలేదు. గొట్టం నిండా నీళ్ళు. నీళ్ళతోపాటు కప్పలు.

ఆ వారం మేమంతా అక్కడే ఉన్నాం. సాయంత్రం దీపాలు పెట్టి జపమాల చెప్పుకుంటున్నాం. మా ఆడబిడ్డ "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అనగానే గొట్టంలోంచి "బెకబెక". మళ్ళీ అంటే మళ్ళీ "బెకబెక". పిల్లలు నోళ్ళు మూసుకుని దొర్లుతున్నారు. ఆవిడ జపమాల పక్కన పెట్టి అంది:

"చిన్నాన్నా, గాలొస్తదన్నావు. ఇయ్యేమో జవాబులు చెప్తున్నయ్."

నవ్వనివాళ్ళు లేరు, ఆయనతో సహా. కానీ మర్నాడు బస్సులో పక్క సీట్లో ఆయన ముఖం చూశాను. నవ్వు లేదు. అలిసిపోయిన ముఖం. "తడి లేని చోట వెయ్యాలమ్మా. వాటం ఉండాలి. చెమ్మ పట్టినా జారి బయటికి పోవాలి" అని తనలో తనే చెప్పుకుంటున్నారు. హనుమాన్ జంక్షన్ నుంచి బెజవాడ దాకా వాటం, వాటం.

మరుసటి వేసవికి మా దొడ్డి తవ్వారు. మాది కొండ వాలు, ఎర్ర గరప నేల, చెమ్మ తక్కువ. వేప చెట్టు నీడన గొట్టం నోరు పెట్టి, పురుగూ పుట్రా దూరకుండా ఇనప జాలీ బిగించి, వాన పడకుండా పైన పెంకు టోపీ పెట్టారు. అక్కణ్ణుంచి నిలువెత్తు లోతున గొట్టాలు దొడ్డంతా తిప్పి, ఇంటి గోడ దగ్గర పైకెత్తి, మా మూలగదిలో నేల మీదికి తేల్చారు. దాని నోటికి కుండమూతలాంటి మూత. ఎదురు గోడ పైన వెంటిలేటర్, అందులోంచి కప్పు మీదికి, ఎండకి కాగేలా తారు పూసిన రేకు గొట్టం. గదిలోని పాత గాలి వెచ్చబడి పైకి పోతుంటే, నేలలోని గాలి కింద నుంచి దానంతటదే వస్తుంది. అంతే.

మా అత్తయ్య ఆ వేసవంతా సణుగుతూనే ఉంది. "పందికొక్కు నయం. అది రాత్రిళ్ళే తవ్వుద్ది" అనేది. అంటూనే ఆయనకి మజ్జిగ పట్టుకెళ్ళి గట్టు మీద పెట్టేది. ఆవిడ కాపురానికొచ్చేటప్పటికి ఈ మరిదికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదట. తల్లి లేని పిల్లాడు. ఆవిడే పెంచింది, ఆవిడే పెళ్ళి చేసింది.

"ముందు గదిలోకి తెమ్మంటే వినడు. పోయి పోయి ఆ మూలగదికా? ఎవరుంటారక్కడ?" అని విసుక్కునేది.

మూలగది మా ఇంట్లో పురిటిగది. మా ఆయన పుట్టింది ఆ గదిలోనే. చినత్తయ్యగారు, అంటే చినమావయ్యగారి భార్య, పోయిందీ ఆ గదిలోనే.

ఆవిణ్ణి నేను చూడలేదు. నేను ఈ ఇంటికి రాక ఎంతో ముందు సంగతి. తల్లిగారి ఊళ్ళో మశూచి ఉందని పురుడు ఇక్కడే పోశారట. పురిట్లో జ్వరమొచ్చి సంధి కొట్టిందనీ, పసిగుడ్డు కూడా దక్కలేదనీ అనుకునేవాళ్ళు. ఆ మాటొస్తే మా అత్తయ్య లేచి లోపలికి పోయేది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

డెబ్భై ఏడులో ఉప్పెన రావడానికి నాలుగైదేళ్ళ ముందు నా కాన్పు. మా అమ్మ లేదు, అందుకని పురుడు అత్తవారింట్లోనే. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తీసుకొచ్చి మూలగదిలో పడుకోబెట్టారు. ఇలాంటి చలే, క్రిస్మస్ ముందు. బాలింతకి గాలి తగలకూడదని మా అత్తయ్య నా చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, కిటికీ మూసి, వెంటిలేటర్‌లో గోనెసంచి కుక్కింది. నేల మీది గొట్టానికి మూత పెట్టి, అది చాలదని సందుల్లో పాత గుడ్డలు కూరింది. ఆదివారం తెల్లవారుతుండగా నిండా బొగ్గులేసిన కుంపటి రాజేసి తెచ్చి నా మంచం పక్కన పెట్టి, దాని మీద సాంబ్రాణి చల్లి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ప్రేమగానే చేసింది. తనకి జరిగిందే నాకు చేసింది.

హాయిగా ఉంది ముందు. కాసేపటికి తల బరువెక్కింది. కణతలు కొట్టుకుంటున్నాయి. కాన్పు నీరసం అనుకున్నాను. పిల్ల మాత్రం ముద్దుగా నిద్రపోతోంది. నాకూ నిద్రొస్తోంది.

చినమావయ్యగారు కొట్టుకి పోతూ పిల్లని చూసి పోదామని వచ్చారు. మగవాళ్ళు పురిటిగదిలోకి రారు. గుమ్మం బయట నిలబడి తలుపు కొంచెం తోశారు. ముక్కు ఎగబీల్చారు.

"అమ్మాయ్! తలనొప్పిగా ఉందా?"

"ఉందండీ" అన్నాను. నా గొంతు నాకే దూరంగా వినిపించింది.

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చేశారు. భుజం మీది తువ్వాలు చేతులకి చుట్టుకుని కుంపటి ఎత్తి, నిప్పులు నేల మీద రాలుతున్నా ఆగకుండా దొడ్లోకి పట్టుకుపోయారు. వెనక్కొచ్చి తలుపు బార్లా తీశారు. నిచ్చెన లేకుండానే కిటికీ ఊచలు పట్టుకుని పైకి లేచి వెంటిలేటర్‌లోని గోనె లాగి పారేశారు. పిల్లని ఎత్తి నా చేతికిచ్చి, ఇద్దర్నీ గుమ్మం దగ్గరికి నడిపించి కూర్చోబెట్టారు. చల్లగాలి తగిలి పిల్ల కెవ్వుమంది. ఆ ఏడుపు విని ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

మా అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. మాత గుడిలో పూజకి పోవడానికి తెల్లచీర కట్టుకుని ఉంది.

"మతి పోయిందా నీకు? పురిటిగదిలోకి వస్తావా? బాలింతని గాల్లో కూర్చోబెడతావా?"

"కుంపటి వద్దొదినా."

"చలికి పసిది బిగుసుకుపోతే నువ్వొచ్చి సోడా పోస్తావా?"

"చలి ఉండదు. గొట్టం మూత తీస్తే వెచ్చగాలి వస్తది. అందుకేగా వేసింది."

"గాలి గాలే! నేల కిందనుంచి వస్తే మాత్రం చుట్టమైపోద్దా?"

"వదినా, నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్కటీ నా మాట విను."

ఆయన చేతులు నిజంగానే జోడించారు. తువ్వాలు కాలి, అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. మా అత్తయ్య ఆ చేతుల వంక చూసింది. తర్వాత ఆయన ముఖం వంక చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ మామూలు గొంతు తెచ్చుకుంది.

"మాటలొద్దు. పిల్ల తలకి రాద్దామంటే కొబ్బరినూనె డబ్బాలో రాయిలా పేరుకుపోయింది. ఈ గిన్నెలో కొంచెం తీసి నీ గొట్టం ముందు పెడతా. ఇంకో గిన్నెలో తీసి వంటింటి గూట్లో పెడతా. పూజ నుంచి వచ్చేసరికి నీది కరిగితే నీ గాలే ఉంచుకో. కరక్కపోతే కుంపటి లోపలికొస్తది, నువ్వు ఈ గుమ్మం తొక్కగూడదు."

"సరే" అన్నారాయన.

గొట్టంలోని గుడ్డలు నేనే పీకేశాను. మూత తీశాను. వేళ్ళు పెట్టి చూస్తే, బావిలో దింపిన బొక్కెన పైకి వస్తున్నప్పుడు చేతికి తగులుతుందే ఆవిరి, అంత మెత్తటి వెచ్చదనం. కుంపటిలా కాల్చేది కాదు. పక్కలో పిల్ల ఒళ్ళులాంటిది.

అత్తయ్య గుడికి వెళ్ళింది. ఆయన గుమ్మం బయట గొంతుక్కూర్చున్నారు. నా తల తేలికపడింది. ఊదొత్తి వెలిగించి లోపలికి అందించి, గొట్టం ముందు పట్టుకోమన్నారు. పొగ గదిలోకి వంగి, నేల మీద పాకి, నెమ్మదిగా లేచి వెంటిలేటర్ వైపు పోయింది.

"ఎందుకింత పట్టుదల మావయ్యగారూ?" అన్నాను.

ఆయన అరచేతుల మీద ఊదుకుంటున్నారు.

"ఆ పొద్దున తలుపు తీసింది నేనేనమ్మా" అన్నారు చివరికి. "మీ చినత్త ముఖం గులాబీ పువ్వులా ఎర్రగా ఉంది. నిద్రపోతుందనే అనుకున్నా. అంతకుముందు రోజు దాకా జ్వరం లేదు, ఏమీ లేదు. సంధి అన్నారు. నేనూ అదే అనుకున్నా, చాలా ఏళ్ళు. ఓ వానాకాలం జల్లు కొడుతుందని కొట్టు తలుపేసి సోడాలు కడుతుంటే, సోడాలో పట్టే గ్యాసు బండ కారుతున్నట్టు చూసుకోలా. తల పగిలిపోతోంది, నిద్రొస్తోంది. ఎట్టాగో పాకి బయట పడ్డా. రోడ్డు మీద పడుకుని ఉన్నప్పుడు తట్టింది. ఆ గదిలో గాలి లేదమ్మా. కుంపటి ఉంది, గాలి లేదు."

పిల్లని ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఆ కుంపటి పెట్టింది..." అని ఆగిపోయాను.

"నువ్వా మాట పూర్తి చెయ్యొద్దు" అన్నారు. కసిరినట్టు కాదు, బతిమాలినట్టు. "కన్నతల్లి కూడా చెయ్యనంత ఆవిడ చేసింది. ఊరంతా చేసేదే చేసింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే, బతికినన్నాళ్ళూ ఆవిడకి ఇంక ఊపిరాడుద్దా? ఈ ఇంట్లో ఇంకో కుంపటి ఆ గదిలోకి పోకూడదు. ఎందుకు పోకూడదో ఆవిడకి తెలియకూడదు. ఈ రెండూ జరగాలనే దొడ్డంతా తవ్వింది."

అంత చిన్న కోరికకి అంత పెద్ద కందకం. ఆయన చదునైన బొటనవేలు వంక చూస్తూ కూర్చున్నాను.

పూజ వదిలారు. అత్తయ్య వచ్చింది. తల మీద కొంగు తీయకుండానే వంటింటి గూట్లోని గిన్నె తెచ్చి వంచింది. నూనె కదల్లేదు, మైనంలా పట్టుకుని ఉంది. గొట్టం ముందున్న గిన్నె తీసి వంచింది. మధ్యలో ఇంకా ముద్ద ఉంది. చుట్టూ మాత్రం కరిగి, ఆ ముద్ద పడవలా పక్కకి జారింది.

అత్తయ్య గిన్నె కింద పెట్టింది. ఆ నూనెలోనే వేళ్ళు ముంచి పిల్ల మాడుకి రాసింది.

తర్వాత ఒకరోజు చూస్తే దొడ్లో కుంపటి నిండా మట్టి పోసి పుదీనా నాటి ఉంది. పందెం ఓడిపోయిన ఉక్రోషం అనుకున్నాను. "పచ్చడికి పనికొస్తది" అంది. మా ఇంట్లో మళ్ళీ కుంపటి కొనలేదు.

ఎండాకాలం ఆ గొట్టం విలువ అందరికీ తెలిసేది. రోహిణి కార్తెలో, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాపలు పట్టుకుని వచ్చి మా మూలగదిలో పడుకునేవాళ్ళు. కబుర్లు చెప్పుకుంటూ, గొట్టం దగ్గర చోటు కోసం తగువులాడుకుంటూ. కానీ చినమావయ్యగారు అడిగేది వేరు. వీధిలో ఏ కోడలు నెల తప్పిందని తెలిసినా ఆ ఇంటికి వెళ్ళి, చెవి మీది ఊదొత్తి తీసి, "మీ గదికి గొట్టం వేయిస్తానమ్మా. కూలి మీరిచ్చుకోండి, వాటం నేను చూసుకుంటా" అనేవారు. మర్యాదగా సోడా ధర అడిగి పంపించేసేవాళ్ళు. "సోడా గ్యాసు తలకెక్కింది పాపం" అని నవ్వుకునేవాళ్ళు. ఒక్కళ్ళూ వేయించుకోలేదు. తవ్వి పోసిన మట్టి చూసి భయపడ్డారు కొందరు. బాలింతకి గాలేంటని కొందరు. ఆయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, "ఇంక తిరగలేనమ్మా" అనేవారు. మళ్ళీ ఏ ఇంట్లోనో వేవిళ్ళని వింటే లేచేవారు. గొట్టం వేయించుకోకపోయినా, కనీసం తలుపు ఓరగా ఉంచమని బతిమాలి వచ్చేవారు. ఆ మాట మాత్రం కొందరు విన్నారు. నాకు తెలిసి విన్నారు.

సోడాల బేరం పడిపోయింది. బెంజి సర్కిల్ దగ్గర కొట్లలో ఐసు పెట్టెలొచ్చినయ్, రంగు డ్రింకులొచ్చినయ్. కుర్రాళ్ళకి గోలీ చప్పుడు మోటైపోయింది. ఆయన కొట్టు ఎత్తేసి మా అరుగు మీదికొచ్చేశారు. ఆయాసం పట్టుకుంది. అన్నేళ్ళు గదులకి ఊపిరాడాలని తిరిగిన మనిషికి చివరికి ఊపిరే ఆడలేదు. 

మూలగదిలో మంచం వేస్తామంటే ముందు ఒప్పుకోలేదు. "అది బాలింతల గది" అన్నారు. మా అత్తయ్య గట్టిగా కసిరింది. "నువ్వు తవ్విన గొట్టం నీకు పనికిరాదా? పడుకో!" చిన్నప్పుడు పెట్టినట్టే చొక్కా గుండీలు పెట్టి, దుప్పటి కప్పింది. చివరి రోజుల్లో మాట తగ్గిపోయింది. చెవి వైపు వేలు చూపించేవారు. నేను ఊదొత్తి వెలిగించి గొట్టం ముందు పట్టుకునేదాన్ని. పొగ వంగి, పాకి, లేచి పోతుంటే దాని వెంబడే కళ్ళు తిప్పి చూస్తూ నిద్రపోయేవారు. అలా చూస్తూనే ఓ మధ్యాహ్నం కళ్ళు తిప్పడం మానేశారు.

ఇదీ ఆయన. ఇదంతా కందకం తవ్వే మనిషికి చెప్పలేను కదా. "గాలిగొట్టం" అని ఊరుకున్నాను.

"మట్టేసి పూడ్చేద్దామా అమ్మగారూ? కుళాయి గొట్టం ఇటే పోవాల. ఫ్యానులున్నయ్ కదండీ మీకు, ఇదెందుకిప్పుడు?" అన్నాడు వాడు.

నిజం చెప్పొద్దూ, సరే అనబోయాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. పిల్లకి జడెయ్యాలి. కుమ్మరిని వెతకాలి, గొట్టం చేయించాలి, అతికించాలి, ఇదంతా మళ్ళీ నేనే తిరగాలి. "సరేలే" అన్న మాట పెదవుల దాకా వచ్చింది.

వెనకనుంచి గోడ తడుముకుంటూ అత్తయ్య వచ్చింది. కళ్ళకి శుక్లాలు, మనిషి నీడలా కనపడితే ఎక్కువ.

"పూడ్చొద్దు" అంది. "మీ కుళాయి పక్కనుంచి తిప్పుకోండి. పగిలినచోట కొత్త గొట్టం వేయిస్తాం. వాటం చెడగొట్టొద్దు."

వాటం. ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

తవ్వే మనిషి బీడీ కాల్చుకోవడానికి వీధిలోకి పోయాడు. అత్తయ్య పుదీనా కుంపటి పక్కన గట్టు మీద కూర్చుంది. ఆకులు తడుముతూ, నా వైపు తిరక్కుండా అంది.

"నూనె కరిగినందుకు కాదే నేను ఒప్పుకుంది."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ఆ రోజు కుంపటి ఎత్తుకుపోయి వచ్చాక వాడి ముఖం చూశాను. మా చెల్లి పోయిన పొద్దున తలుపు తీసినప్పుడు ఉన్న ముఖమే. తేడా లేదు. అప్పుడర్థమైంది నాకు. పూజకి పోయి ఏం విన్నానో నాకు తెలియదు. మోకాళ్ళ మీద ఉండిపోయా. ఎవరో లేపారు."

తోడికోడల్ని ఆవిడ చెల్లి అనే అంటుందని కూడా నాకు అప్పుడే తెలిసింది.

"మరి ఆయన్ని ఎప్పుడూ అడగలేదా అత్తయ్యా?"

"అడిగితే వాడు అబద్ధం చెప్పాల. వాడికి అబద్ధం చెప్పడం రాదు, నేనే నేర్పలా. అందుకని అడగలా." పుదీనా కొమ్మ ఒకటి తుంచింది, వాసన చూసింది. "నాకు తెలియదనుకుని నిశ్చింతగా పోయాడు. పోనీ. ఆ మాత్రం చెయ్యగలిగా."

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. లోపల ఎసరు పొంగి పొయ్యిలో పడ్డ చప్పుడైంది. ఇద్దరం లేవలేదు.

నిన్న కుమ్మరి కొత్త గొట్టం తెచ్చాడు. సున్నమూ ఇసకా కలిపి అతుకు వేయించాను, నీళ్ళు పోసి వాటం చూపించాను. మట్టి కప్పి పూడ్చాక మూలగదిలోకి వెళ్ళి మూత తీశాను. అత్తయ్య మంచం పట్టె మీద కూర్చుని ఉంది. ఊదొత్తి వెలిగించి గొట్టం ముందు పట్టుకున్నాను.

ఆవిడకి పొగ కనపడదు. ముఖం ఇటు తిప్పి అడిగింది.

"ఎటు వంగిందే?"

"లోపలికే, అత్తయ్యా."